పన్నెండు దారులు కలిసే చోటు

"ఏటమ్మా, సముద్రాన్ని లోపలెట్టీసేవా?" అంటూ హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు నాన్న.

నేను కట్టిన మిక్సర్లో, అంటే అన్ని మైకుల చప్పుడూ కలిపి బాక్సులకి పంపే డబ్బాలో, 12 ఛానళ్లూ (మైకుకొక దారి) పైకి తోసి, ఒక్క మైకు కూడా తగిలించకుండా వింటే వచ్చే "సుయ్" గురించి ఆయన మాట. నేనూ పెట్టుకుని విన్నాను. అబద్ధమేం కాదు. రాత్రి పదింటికి విశాఖ ఆర్కే బీచ్‌లో గోడ మీద కూర్చుంటే వినపడేదే అది. పద్నాలుగు నెలల శనాదివారాలు, మా ఆయన సణుగుడు, సోల్డరింగ్ ఐరన్‌కి బలైపోయిన రెండు దుప్పట్లు, అన్నీ కలిపితే చేతికొచ్చింది ఆ సుయ్.

మిక్సర్ కట్టానంటే అందరూ అడిగేది ఒకటే: "ప్రీయాంప్ ఏది వాడారు?" ప్రీయాంప్ అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం. దాని పని నాకు ఒక్క వారంలో తేలిపోయింది. 12 ఛానళ్లూ వచ్చి కలిసే చోటు మాత్రం ఐదు నెలలు తినేసింది. దాని గురించే ఈ సోదంతా.

మాది అదే ఊళ్లో కంచరపాలెం. నాన్నది మైకు సెట్టు. పెళ్లిళ్లు, రామనవమి పందిళ్లు, అమ్మవారి పండగలు, ఎలక్షన్లొస్తే ఆటోల మీద బాకాలు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. చిన్నప్పుడు పందిట్లో వైర్ల చుట్టల మీదే పడి నిద్రపోయేదాన్ని కాబట్టి, ఈ పిచ్చికి వేరే కారణం వెతకక్కర్లేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా షెడ్డు రేకులు లేచిపోయాయి. పొద్దున్న చూస్తే ఆంప్లిఫయర్లు, మైకులు, ఎనిమిది ఛానళ్ల పాత అనలాగ్ మిక్సర్, అన్నీ నీళ్లలో. నాన్న ఏడవలేదు గానీ, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మిక్సర్ విప్పి, బోర్డులు మంచినీళ్లతో కడిగి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి, మేడ మీద నీడలో ఆరబెట్టాడు. కరెంటొచ్చాక ఆన్ చేస్తే ఎనిమిదిట్లో ఆరు పలికాయి. మిగతా రెండూ నేను బాగుచేశాను. అది ఇంకో ఐదేళ్లు పనిచేసింది.

తర్వాత కొన్నది డిజిటల్. ఫోన్లోంచి నడిపించొచ్చు, ఎకో లోపలే ఉంటుంది, దాని ముందు మనం కట్టేది ఏ మూలకీ రాదు. నేను కాదనను. కానీ ఉప్పుగాలికి మూడేళ్లకే మొరాయించింది. సర్వీసుకి పంపితే బోర్డు మొత్తం మార్చాలన్నారు, చెప్పిన రేటు కొన్నదాంట్లో సగం పైనే. లోపల నేను చెయ్యి పెట్టగలిగింది ఫ్యూజు ఒక్కటే. ఆ రాత్రి నాన్న అన్నాడు: "నువ్వు ఎలట్రానిక్స్ సెప్తావు గదా. ఒకటి కట్టీలేవా?" ఎగతాళికన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం నిజమే అనుకున్నాను.

ఆయన షరతులు మూడే. ఒకటి, చప్పుడు పెంచడానికీ తగ్గించడానికీ గుండ్రంగా తిప్పేవి కాదు, పైకి తోసే ఫేడర్లు కావాలి, అదీ పొడుగువి. రెండు, మైకు స్విచ్చి వేసినా తీసినా బాక్సుల్లో "టప్" అనకూడదు. మూడు, ఎకోకి వేరే నాబు. హరికథ చెప్పేవాళ్లకి ఎకో లేకపోతే గొంతు ఎండిపోయినట్టుంటుందట.

ప్రీయాంప్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మైకు నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. హరిదాసుగారు చిడతలు వాయిస్తూ రెండడుగులు వెనక్కి వేశారంటే అదీ ఉండదు, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ (డెసిబెల్, చప్పుడు కొలత) పోతుంది. దాన్ని వందల రెట్లు పెంచాలి. ఆ పనికి టీహెచ్‌ఏటీ 1510 అనే చిప్పు ఉంది. ఎనిమిది కాళ్లు, చుట్టూ నాలుగు రెసిస్టర్లు. మహా మహా కంపెనీలు ఎంత తన్నుకున్నా ఒక గీత దాటలేవు. 200 ఓమ్‌ల రెసిస్టర్ ఏ పనీ చెయ్యకుండా బల్ల మీద పడి ఉన్నా, అందులోంచి వచ్చే చప్పుడు మైనస్ 129.6 డీబీయూ, అంటే 775 మిల్లీవోల్టులని సున్నా అనుకుంటే దానికి అన్ని డీబీలు కింద. అది వేడి వల్ల పుట్టేది, ఐసులో పెట్టినా పెద్దగా తగ్గదు. ఈ చిప్పు ఆ గీతకి ఒకట్రెండు డీబీల దూరంలోనే ఉంటుంది. ఇక దాని గురించి బుర్ర పాడుచేసుకోవడం అనవసరం అనిపించింది, ముందుకెళ్లిపోయాను.

మిగతా చోట్లన్నీ ఎన్‌ఈ 5532. అది ఆప్‌ఆంప్, అంటే సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్పు. నలభై ఏళ్లకి పైగా మిక్సర్లలో బతుకుతోంది, చవక. చవక కాబట్టే నకిలీలు. ఊళ్లో ఒక షాపులో 60 కొన్నాను. అన్నిటి మీదా ఒకే అచ్చు, ఒకే లోగో. నాకు వాటి మీద అనుమానమేం రాలేదు. సుయ్ వచ్చాక వచ్చింది.

నకిలీని పట్టుకోవడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. బ్రెడ్‌బోర్డు మీద ఒక సాకెట్, ప్లస్ మైనస్ 15 వోల్టులు, సప్లయి దారిలో మల్టీమీటరు. అసలు 5532 ఏ పనీ లేకుండా కూర్చున్నా దాదాపు 8 మిల్లీఆంపులు తింటుంది. 4558 అనే పాత చిప్పు మీద పేరు చెరిపేసి 5532 అని అచ్చేస్తే, అది మూడు దగ్గర ఆగిపోతుంది. మా స్టూడెంట్ ఒకడు ఒక్కొక్కటీ పెట్టి చదువుతుంటే నేను రాసుకున్నాను. "ఎనిమిది పాయింట్ రెండు మేడమ్. ఏడు పాయింట్ తొమ్మిది. మూడు. మూడు. మూడు పాయింట్ ఒకటి." అరవైలో ఇరవై రెండు తేలాయి అలా. షాపాయనకి తీసుకెళ్లి చూపిస్తే "ఇన్నాళ్లకి మీరొక్కరే మీటరు పట్టుకొచ్చారు" అన్నాడు. డబ్బులైతే ఇవ్వలేదు.

ఆ ఇరవై రెండిట్లో రెండు సరిగ్గా పడకూడని చోట పడ్డాయి. అవి మిక్స్ బస్సు దగ్గరే ఉన్నాయి, అంటే 12 ఛానళ్లూ కలిసే తీగ దగ్గర.

ఆ చోటు ఎలాంటిదంటే, ఫ్లైఓవర్ రాకముందు మా ఊళ్లో ఎన్‌ఏడీ జంక్షన్ లాంటిది. 12 ఛానళ్ల నుంచి 12 రెసిస్టర్లు వచ్చి ఒకే తీగ మీద కలుస్తాయి. ఆ తీగ చివర ఒక ఆప్‌ఆంప్ ఉంటుంది. అది ఆ తీగని ఎప్పుడూ సున్నా వోల్టుల దగ్గరే పట్టి ఉంచుతుంది కాబట్టి ఒక ఛానల్ కరెంటు ఇంకో ఛానల్లోకి వెనక్కి పోదు. వర్చువల్ ఎర్త్ అంటారు. పాటకి సంబంధించినంతవరకు ఆ ఆప్‌ఆంప్ గెయిన్, అంటే పెంచే రెట్లు, ఒకటే, వచ్చినది వచ్చినట్టు పంపుతుంది. కానీ దాని సొంత చప్పుడుకి మాత్రం గెయిన్ 13. ఛానళ్లు ఎన్నుంటే అంతకి ఒకటి కలుపుకోండి. అంటే 22 డీబీ. 24 ఛానళ్లయితే 25 రెట్లు. పెద్ద మిక్సర్లు కట్టేవాళ్లకి తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

నకిలీవి పీకేసి ఆ రెండు చోట్లా 5534ఏ పెట్టాను, దాని చప్పుడు ఇంకాస్త తక్కువ. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు తీసి 4.7 కిలోఓమ్‌లవి వేశాను. తర్వాత నాన్న రెండో షరతే ఇక్కడ కలిసొచ్చింది. మైకు స్విచ్చి తీస్తే ఛానల్‌ని నొక్కేయడం కాకుండా, ఆ రెసిస్టర్ కొసని బస్సు మీద నుంచి ఎత్తి ఎర్తు మీద పెట్టేలా స్విచ్చి కట్టాను. బస్సూ సున్నాలోనే ఉంటుంది, ఎర్తూ సున్నాలోనే ఉంటుంది. సున్నా నుంచి సున్నాకి దూకితే టప్ ఎందుకంటుంది? పైగా నాలుగు మైకులే వాడుతున్న రోజున జంక్షన్లో నాలుగు దారులే ఉంటాయి, 13 కాస్తా 5 అవుతుంది. నేను మొదట ఇలా గీయలేదు. టప్ గురించి ఆలోచిస్తుంటే సుయ్‌కి మందు దొరికింది.

సుయ్ తగ్గింది. అప్పుడు "టిక్" వినపడింది.

నిజానికి అది ముందు నుంచీ ఉండి ఉంటుంది, సుయ్ కింద దాక్కుని. పాట పెడితే చిన్న చిరచిర, గొంతు పైకి వెళ్లినప్పుడల్లా. ఆసిలోస్కోపు పెట్టి మూడు వారాలు కూర్చున్నాను. ఫేడర్లు అనుకున్నాను, కెపాసిటర్లు అనుకున్నాను, ఒక సోల్డర్ జాయింటు మీద నింద వేసి వందసార్లు కాల్చాను. ఒక ఆదివారం నాన్న టీ గ్లాసుతో మేడ మీదకొచ్చి, నా వెనకాల నిలబడి చూసి, "ఆ లైటు ఎగిరినప్పుడల్లా టిక్కుమంటంది సూడు" అన్నాడు.

చూశాను. నిజమే!

చప్పుడు ఎంతుందో చూపించే మీటర్లు ఎల్ఈడీలవి. ఎల్ఎం 3915 చిప్పు, పది లైట్లు, మెట్టుకి 3 డీబీ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని బార్ మోడ్‌లో పెట్టాను. అంటే చప్పుడు పెరిగేకొద్దీ లైట్లన్నీ వరసగా వెలుగుతాయి. లైటుకి 10 మిల్లీఆంపులు, రెండు మీటర్లూ పూర్తిగా వెలిగితే 200. ఆ కరెంటు సప్లయికి తిరిగెళ్లే దారి, 12 ఛానళ్ల ఎర్తూ మిక్స్ ఆప్‌ఆంప్ ఎర్తూ కలిసి ఉన్న వైరే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు, అరవై సెంటీమీటర్లు. దాని రెసిస్టెన్స్ 10 మిల్లీఓమ్‌లు. మల్టీమీటర్ దాన్ని సున్నా అనే చూపిస్తుంది. కానీ 200 మిల్లీఆంపులు దాంట్లో పోతే 2 మిల్లీవోల్టులు. ఛానళ్లు "ఇదీ సున్నా" అనుకునే చోటికీ, ఆప్‌ఆంప్ "ఇదీ సున్నా" అనుకునే చోటికీ మధ్య 2 మిల్లీవోల్టుల తేడా. ఆ తేడాని కూడా ఆ జంక్షన్ 13 రెట్లు చేస్తుంది. 26 మిల్లీవోల్టులు! పాట 775 మిల్లీవోల్టుల దగ్గర నడుస్తుంటే అందులో ముప్పయ్యో వంతు. చెవికి అందకుండా ఎక్కడికి పోతుంది?

క్లాసులో నేనే చెప్తాను, "గ్రౌండ్ అనేది ఒక పాయింట్ కాదు, అదీ ఒక వైరే" అని. బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కూడా గీస్తాను. ఇంట్లో మాత్రం మా నాన్న టీ తాగుతూ కనిపెట్టాలి!

ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే ఒక మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఫ్యాక్టరీలకి కరెంటు బోర్డులు కట్టగా మిగిలిన బస్‌బార్ ముక్కలు ఒక మూల పడేసి ఉంటాయి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మందం, అచ్చమైన రాగి. "ఎన్ని ఆంపులు లాగుతాదండీ మీ మిషను?" అనడిగాడు. అర ఆంపు అంటే నమ్మలేదు. "మరి ఇదేటికండీ, ఇది వందల ఆంపులు మోస్తాది" అన్నాడు. తూకం వేసి ఇచ్చాడు గానీ, నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ పట్టీ రెసిస్టెన్స్ మీటరు పొడుగుకి పావు మిల్లీఓమ్ కూడా ఉండదు. దాన్ని డెస్కు అడుగున అడ్డంగా బిగించి, ప్రతి ఛానల్ నుంచీ ఒక్కో వైరు తెచ్చి దాని మీద బోల్టు వేశాను. మిక్స్ ఆప్‌ఆంప్ కూడా తన సున్నాని సరిగ్గా దాని మధ్యలోంచే తీసుకుంటుంది. లైట్లకి వేరే సప్లయి, వేరే తిరుగుదారి, ఆ పట్టీని ముట్టుకోకుండా.

టిక్ పోయింది. ఆ రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏమీ లేని చప్పుడు పది నిమిషాలు విన్నాను. మా ఆయన వచ్చి "ఏం వింటున్నావ్?" అంటే ఏం చెప్పను.

ఎర్తు సంగతిలో ఇంకొకటి మాత్రం ముందే జాగ్రత్తపడ్డాను. మైకు కేబుల్ తొడుగు వచ్చి తగిలే ఒకటో పిన్నుని బోర్డు మీదకి తీసుకెళ్లకుండా, అక్కడికక్కడే డబ్బా రేకుకి కలపాలి. నీల్ మన్సీ అనే ఆయన 1995లో దీని మీద రాసిన పేపరు నేను పిల్లలకి చదవమని ఇస్తుంటాను. పందిట్లో జనరేటరు, సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, ఇవన్నీ ఆ తొడుగు మీద ఎక్కి వస్తాయి. లోపలికి రానిస్తే గుయ్‌మని కూర్చుంటాయి. గుమ్మంలోనే ఆపేయాలి.

సప్లయి వేరే డబ్బాలో పెట్టాను, మూడు మీటర్ల కేబుల్‌తో దూరంగా. 18-0-18 టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్, ఎల్ఎం 317, 337 రెగ్యులేటర్ చిప్పులతో ప్లస్ మైనస్ 17 వోల్టులు, కండెన్సర్ మైకులకి 48 వోల్టులు. దాని గురించి రాయడానికేం లేదు, మొదటిరోజే పనిచేసింది.

బస్సు తీగలకి మాత్రం రిబ్బన్ కేబులూ నొక్కే కనెక్టర్లూ వాడలేదు. అందరూ అవే వాడతారు, పని తొందరగా అవుతుంది. కానీ ఈ ఊళ్లో ఉప్పుగాలికి రెండేళ్లలో ఆ కనెక్టర్ల కాళ్లు నల్లబడి, డెస్కుని గుద్దితే పలకడం, మళ్లీ గుద్దితే ఆగడం మొదలవుతుంది. అన్నీ సోల్డరే చేశాను. ఒక ఛానల్ తీయాలంటే పదకొండు వైర్లు విప్పాలి. విప్పుతాను, నాకేం.

ఇక ముఖం. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. దాని మీద అక్షరాలు తెలుగులోనే ఉండాలని నేను పట్టుబట్టాను. ఇత్తడి నేమ్‌ప్లేట్లు చెక్కే ఆయన నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో "ట్రెబుల్" చెక్కితే, క్రావడి పూడిపోయి ఏదో మచ్చలా వచ్చింది. "మిడ్ ఫ్రీక్వెన్సీ" అయితే చీమలు పాకినట్టుంది. ఒత్తులు తక్కువున్న మాటలు కావాలన్నాడు. అప్పుడు నాన్న తను వాడే మాటలే చెప్పాడు. ట్రెబుల్‌కి "కీచు". బేస్‌కి "గుము". మధ్యది ఎక్కువైతే మనిషి జలుబు చేసినట్టు మాట్లాడతాడు కాబట్టి "ముక్కు". మూడూ శుభ్రంగా పడ్డాయి.

కీచుకీ గుముకీ లోపలున్నది 1952లో పీటర్ బాక్సండాల్ రాసిన సర్క్యూటే. ఇళ్లలో ఉండే ఆంప్లిఫయర్లలో ఎన్నిట్లో చూసినా అదే, పెద్దగా మార్చాల్సిన అవసరం ఇన్నేళ్లలో రాలేదు. ముక్కుకి మాత్రం రెండు నాబులు, ఎక్కడ పట్టుకోవాలి, ఎంత పిండాలి అని. గాలి కోత ఒకటి కూడా ఉంది, 100 హెర్ట్జ్ కింద నరికేస్తుంది. బీచ్ పక్క ప్రోగ్రాములకి అది లేకపోతే మైకులో సముద్రపు గాలి బుగబుగలాడుతుంది. తప్పెటగుళ్ల వాళ్లకీ అంతే, వాళ్లు ఎగిరి దూకినప్పుడు స్టేజీ చెక్కల దడదడ మైకు స్టాండులోంచి పాకి వస్తుంది. జముకుల కథకి మాత్రం ఆ స్విచ్చి ముట్టుకోకూడదు. జముకులోంచి వచ్చే ఆ లాగుడు మోతే పోతే, ఇక మిగిలేది తీగ గీకుడు.

మొదటి ప్రోగ్రాం మొన్న మా వీధి రామనవమి పందిట్లోనే, హరికథ. ఊళ్లోవాళ్ల ముందు పరువు పోతే పోయిందని, పాత మిక్సర్ ఒకటి అరువు తెచ్చి బల్ల కింద దాచాను. నాన్నకి చెప్పలేదు. దాసుగారు, వయొలిన్, మృదంగం, హార్మోనియం, పంతులుగారి మైకు. ఐదు ఛానళ్లు తెరిచాం. కథ మొదలవకముందు పందిరంతా ఒక్క క్షణం సద్దుమణిగితే, బాక్సుల్లోంచి ఏమీ రాలేదు. సుయ్ లేదు, గుయ్ లేదు. పక్కింటి అత్త వచ్చి "మైకు ఇంకా పెట్టలేదేటే?" అనడిగింది. నాకు అంతకంటే ఏం కావాలి!

పది గంటలకి ఒక ఛానల్ ఫేడర్ కొంచెం గరగరలాడింది, దుమ్ము. అది చూడాలి.

రాత్రి సామాను సర్దుతూ టార్చి వేసి చూస్తే, ఆరు వారాలు చెక్కించిన నా తెలుగు అక్షరాల మీద అడ్డంగా తెల్లటి ప్లాస్టర్ అంటించి ఉంది, ఆసుపత్రిలో వాడేది. దాని మీద బాల్‌పెన్నుతో నాన్న రాత: "దాసు", "ఫిడేలు", "పంతులు". ముప్పయ్యేళ్లుగా ప్రతి మిక్సర్ మీదా అంటించినట్టే దీనికీ అంటించాడు. కీచు, గుము, ముక్కు, మూడూ దాని కిందే.

"నాన్నా, అక్షరాలు కనపడ్డం లేదు" అన్నాను.

"అయ్యి నాకు తెలుసు గదా" అని, వైర్లు చుడుతూ అడిగాడు, "ఇంకో నాలుగు మైకులకి చోటు సెయ్యలేవా దీన్లో?"

పదహారైతే పదిహేడు రెట్లు.